దసరాకు ఇల్లిల్లూ తిరిగిన బడి

ఇవాళ దసరా అంటే పిల్లలకు సెలవులు. బడి గేటుకు తాళం పడుతుంది, పంతుళ్లు సొంతూళ్ల బస్సెక్కుతారు. వందేళ్ల కిందటి వీధి బడిలో మాత్రం ఏడాది మొత్తానికీ సందడి ఉండేది ఆ రోజుల్లోనే. వానలు వెనకపట్టి, ఆశ్వయుజం ఎండ కాస్తుండగా, అయ్యవారు ముందు నడిస్తే పిల్లలు వెనక వరస కట్టేవారు. ఒక్కొక్కరి చేతిలో వెదురు బద్దతో చేసి రంగు కాగితాలు అంటించిన చిన్న విల్లు ఉండేది. బాణం గొట్టంలో పూరేకులు, బుక్కాగుండ కూరి ఇంటి పెద్ద మీదికి కొట్టేవారు. గడప ముందు నిలబడి దసరా పద్యాలు చదివేవారు. ఇంటివారు అయ్యవారికి రూపాయో పంచెల చాపో ఇచ్చి, పిల్లల దోసిళ్లలో పప్పు బెల్లాలు పోసేవారు. తర్వాతి కాలం దీన్ని యాచన కింద జమకట్టింది. ఇప్పుడు తలచుకునేవాళ్లు ముచ్చటైన వేడుక కింద జమకడుతున్నారు. రెండు లెక్కలూ సగమే సరైనవని నా వాదన. ఊరు పెట్టుకున్న బడి ఊరికి ఏడాదికోసారి లెక్క అప్పజెప్పుకునే పద్ధతి అది. వేడుక, రాబడి ఆ పద్ధతికి తోడుగా నడిచినవే.

ఈ మాట నిలబడాలంటే ముందు బడి ఎంతటిదో తెలియాలి. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలన్నిటా దేశీయ బడుల లెక్క తీయమన్నాడు. 1826 మార్చిలో ఆయన రాసిన మినిట్ (అధికారిక నోటు) ప్రకారం కోటీ 28 లక్షల పైచిలుకు జనాభాకు 12,498 బడులు తేలాయి. అంటే దాదాపు వెయ్యి మందికి ఒకటి. తెలుగు వ్యాకరణం కూడా రాసిన బళ్లారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మరీ వివరమైనది. ఆ జిల్లాలో 533 బడులు. అందులో తెలుగువి 226, కన్నడం 235. మొత్తం పిల్లలు 6,641 మంది. భాగించి చూస్తే బడికి పన్నెండు, పదముగ్గురు మించరు. ఒక్క పంతులు, ఒక అరుగు, ఇసుకలో ఓనమాలు దిద్దే చిన్నవాళ్లు, వాళ్లకు నేర్పే పెద్ద పిల్లలు, అంతే బడి. ఒక్కో పిల్లవాడు నెలకు నాలుగు అణాల నుంచి ఎనిమిది అణాల దాకా ఇచ్చేవాడనీ, పంతుళ్లకు నెలకు ఆరేడు రూపాయలు మించి రాదనీ, అంత కొద్ది రాబడికి యోగ్యులు ఈ వృత్తిలోకి రారనీ మన్రో స్వయంగా రాశాడు. పన్నెండు మందిని ఆరేసి అణాలతో గుణిస్తే నాలుగున్నర రూపాయలే. ఇద్దరు పిల్లలు మానేస్తే అయ్యవారి పొయ్యి మీదికి ఆ దెబ్బ తగులుతుంది. ఏ నియామక పత్రమూ లేని ఈ మనిషి ఊళ్లో నిలదొక్కుకోవాలంటే, తన దగ్గర పిల్లలకు చదువు వస్తోందని ఊరికి కనబడాలి, వినబడాలి.

కనబడటం మొదటి రోజునే మొదలయ్యేది. అయిదో ఏట పిల్లవాణ్ణి బడిలో వేసే రోజు పంతులూ తోటి పిల్లలూ వాళ్ల ఇంటికే వెళ్లేవారని కాంప్‌బెల్ రాశాడు. గణపతి ప్రతిమ చుట్టూ అందరూ కూర్చునేవారు. పంతులు పక్కన కూర్చుని పిల్లవాడి చేత స్తోత్రం చెప్పించి, వేలు పట్టుకుని బియ్యంలో అక్షరాలు దిద్దించేవాడు. తల్లిదండ్రులు తమ శక్తి కొద్దీ కానుకలు ఇచ్చి పంపేవారు. ఇక్కడ గమనించవలసింది తతంగం కాదు, అది జరిగిన చోటు. పిల్లవాడు బడికి పోకముందే బడి ఆ ఇంటికి వచ్చింది. అక్షరాభ్యాసం నాడు ఒక్క ఇంటికి వచ్చిన బడి దసరాకు ఇంటింటికీ వచ్చేది. ఇది తెలుగు బడుల వింత ఏమీ కాదు. కన్నడ ఊళ్లలోనూ మహానవమి వేళ పంతుళ్లు పిల్లల్ని వెంటేసుకుని చౌపదాలు చదివిస్తూ తిరిగేవారు. తల్లిదండ్రులు ఇచ్చే జీతం మీద బతికిన చిన్న బడులున్న ఈ రెండు చోట్లా ఒకే ఆచారం పుట్టడం కాకతాళీయం అనుకోలేను.

ఆ గడప ముందు నిజంగా జరిగేదేమిటో కాస్త నిదానంగా చూడాలి. ఆ కాలపు చదువులో సింహభాగం ధారణ. ఎక్కాలు, సుమతి, వేమన, అమరం, బాలరామాయణం, రుక్మిణీ కల్యాణం అన్నీ నోటికి రావాలి. ధారణకు మంచి పరీక్ష నలుగురి ముందు గొంతెత్తి చదవడమే. అరుగు మీద కూర్చున్న తాత చిన్నప్పుడు ఆ పద్యాలే చదివి ఉంటాడు, యతి తప్పితే ఆయన చెవికి దొరికిపోతుంది. తలుపు చాటు నుంచి వినే తల్లికి అక్షరం రాకపోవచ్చు గాని, ఎవరి పిల్లవాడు ధాటిగా చదివాడో, ఎవరు పక్కవాడి గొంతులో గొంతు దాచుకున్నాడో ఇట్టే తెలుస్తుంది. పద్యాల తీరు కూడా చమత్కారమైనది. ఇవాళ కాదు, రేపు రమ్మంటే కదిలేది లేదని ముందే చెప్పేస్తాయి. అయ్యవారి వాటా ఏదో, పిల్లల వాటా ఏదో నలుగురూ వింటుండగా తేల్చేస్తాయి. గుట్టుగా చేతిలో పెట్టే సొమ్ముకు ఇంత బహిరంగమైన రసీదు అక్కర్లేదు.

ఎంత చెప్పినా చేయి చాచడమే కదా, గురువును గడప గడపకూ తిప్పడం గురువుకు మర్యాదా అని అడిగేవారున్నారు. ఆ ఎత్తిపొడుపులో నిజం ఉంది. పండగ పూట కాదనలేక ఇచ్చిన పేద ఇల్లూ ఉండి ఉంటుంది. అయితే పంతులుకు తక్కువైనది మర్యాద కంటే ముందు జీతం. ఆ లోటును పూడ్చే బాధ్యత ఒక్క పిల్లల తండ్రుల మీదే వదిలేయకుండా, బడిలో పిల్లలు లేని ఇళ్లకూ పంచింది దసరా. ఇప్పుడు విద్యా సుంకం అంటున్నది చేసే పని ఇదే. దీనికి సాక్ష్యం గోదావరి జిల్లాలోనే దొరుకుతుంది. 1850ల్లో రాజమండ్రి సబ్ కలెక్టర్ జి.ఎన్. టేలర్ నరసాపురం ప్రాంతంలో బడులు పెట్టించినప్పుడు, వాటి ఖర్చుకు శిస్తు మీద కొంత అదనంగా వేసుకునే ఏర్పాటు జరిగింది. దాన్ని చట్టంలో బిగించడానికి 1863లో ఒక ప్రయత్నం, 1871 స్థానిక నిధుల చట్టంతో మరొకటి వచ్చాయి. ఏటా బడికి ఇవ్వడం అలవాటైన ఊళ్లకు ఆ ఆలోచన కొత్తది కాదు. వసూలు చేసే చెయ్యే మారింది.

మరో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. ఆ బడి ఊరందరిదీ కాదు. బళ్లారి లెక్కలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది, నూటికి ఒక్కరు కూడా కాదు. మాల మాదిగ పిల్లలకు ఆ అరుగు మీద చోటు లేదు. రంగు కాగితాల విల్లు వాళ్ల వాడల దాకా పోలేదు.  దీనికి సమర్థన వెతకడం అన్యాయం. పైగా నేను మెచ్చుకుంటున్న పద్ధతిలోనే ఈ లోపం ఉంది: ఇచ్చినవాడికే లెక్క చెప్పే బడి, ఇవ్వలేనివాడికీ ఇవ్వనీయనివాడికీ ఏమీ బాకీ పడదు. అందువల్ల మిషన్ బడులు, బోర్డు బడులు, సర్కారు జీతాలు రావడం అవసరమే, ఆలస్యంగా వచ్చిన అవసరం.

ఐతే జీతం మారినప్పుడు లెక్క అడిగేవాడూ మారాడు. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో మద్రాసు రాజధానిలో పరీక్షా ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి వీధి బడుల దాకా వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, ఎందరు గట్టెక్కితే అంత సొమ్ము. తాత చెవి స్థానంలో ఇన్‌స్పెక్టర్ పుస్తకం వచ్చింది. నిజాం రాజ్యంలో కథ ఇంకా కటువుగా నడిచింది. ప్రైవేటు బడి పెట్టాలంటే ముందస్తు అనుమతి కావాలన్నారు, ఆ నిబంధన ఎత్తేయమని అక్కడి తెలుగువారి సంస్థ ఆంధ్రమహాసభ కోరాల్సి వచ్చింది. రెండు చోట్లా పంతులు చూపు ఊరి నుంచి కచేరీ వైపు మళ్లింది.

బడికీ ఊరికీ మధ్య తెగిన ఆ ముడిని మళ్లీ వేయడానికి ఇప్పుడు చట్టాలు రాసుకుంటున్నాం. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలనీ, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలనీ అంది. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ఒకే రోజు మెగా తల్లిదండ్రుల సమావేశం జరిపింది. తెలంగాణ బడుల్లో సెలవులకు ముందు తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మ పేరుస్తారు. ఇవన్నీ మంచివే. అయినా సమావేశంలో ఎవరి బిడ్డ మార్కులు వారు వింటారు. బతుకమ్మలో ఆట ఉంటుంది గాని చదువు వినబడదు. బడిలో పిల్లలు లేని ఇంటికి రెంటితోనూ పని లేదు. కమిటీలో సంతకం పెట్టడం వేరు, వీధిలో పిల్లవాడు చదువుతుంటే వినడం వేరు.

బడి కమిటీల్లో ఉన్న తల్లులను, తండ్రులను అడిగేది ఒకటే. ఈసారి దసరా సెలవులకు ముందు ఒక్క సాయంత్రం పిల్లల్ని వీధిలోకి తీసుకురండి. పద్యమే కానక్కర్లేదు, ఒక పాఠం, ఒక లెక్క, తాము రాసిన నాలుగు వాక్యాలు చాలు. చందా వద్దు, పప్పు బెల్లాలు మీ ఇష్టం. పాత ఊరేగింపు అడుగు పెట్టని వాడ నుంచే మొదలుపెట్టండి.