గూటికి కాపలా

అడవికి ఎల్లలు గీచి, చట్టము చేసినచో అది రక్షితమైనట్లేయని మనము తలంతుము. చట్టము కావలసినదే. కాని పక్షులు ఆ ఎల్లలను ఎరుగవు గదా! అరుణాచల ప్రదేశమునందలి పక్కే అరణ్యచరిత్రను శ్రోతలకు విన్నవింపదలచుటకు ఇదియే కారణము.

తూర్పు హిమాలయ పాదములయందు, వర్షములు మెండుగా కురియు చోట నున్న ఈ అడవి 1977లో అభయారణ్యమైనది. 2002లో పులుల సంరక్షణ కేంద్రమైనది. వైశాల్యము సుమారు 862 చదరపు కిలోమీటర్లు. దీని అంచున నిషి తెగవారి గ్రామములు గలవు.

ఇచటి పక్షులలో ముఖ్యమైనది హార్న్‌బిల్. గ్రుడ్లు పెట్టు కాలమున ఆడుపక్షి ఎత్తయిన చెట్టు తొర్రలో దూరి, సన్నని చీలిక మాత్రము విడిచి ద్వారమును మూసివైచుకొనును. కొన్ని నెలలపాటు మగపక్షియే పండ్లు తెచ్చి ఆ చీలికగుండ అందించును. వేటగాడు ఆ ఒక్క పక్షిని కొట్టెనా, లోపలి సంసారమంతయు ఆపదపాలగును. హార్న్‌బిల్ తిన్న పండ్ల గింజలు దూరముగా పడి మొలచును గనుక, ఆ నష్టము అడవికిని తప్పదు.

నిషి పురుషుల సంప్రదాయపు తలపాగకు ఈ పక్షి ముక్కు భూషణము. మాంసమునకై కూడ వేట సాగెడిది. జీవశాస్త్రజ్ఞురాలు అపరాజితా దత్తా 1990 దశాబ్దమున ఇచట పరిశోధన ప్రారంభించిరి. పక్షుల గూళ్లు సంరక్షణ కేంద్రమునకు వెలుపల, గ్రామముల చేరువనున్న పాపుం అడవిలోను ఉండెను. అచట గ్రామస్థుల సమ్మతి లేక ఏ కాపలాయు నిలువదు.

కావున 2011 ప్రాంతమున గ్రామపెద్దల సంఘమైన ఘోరా-ఆభే, రాష్ట్ర అటవీ శాఖ, నేచర్ కన్సర్వేషన్ ఫౌండేషన్ కలసి గూళ్ల దత్తత పథకమును నెలకొల్పినవి. దూరనగరముల వారు ఏటేట ధనమిచ్చిరి. ఆ ధనముతో గ్రామస్థులు జీతముపై గూళ్లను కాచిరి. వారిలో పూర్వపు వేటగాండ్రును గలరు. ఏ చెట్టున ఏ తొర్ర గలదో వారికంటె ఎవరికి తెలియును? ఆ విద్య అదియే. ప్రయోజనము మాత్రము మారినది. తలపాగలకు ఫైబర్‌గ్లాసు ముక్కులు వచ్చుటచే ఆచారమును నిలిచినది. దత్తాగారికి 2013లో విట్లీ పురస్కారము లభించినది.

అయినను పాపుం అడవిలో దొంగచాటుగా చెట్లు నరుకుట ఆగలేదు. గూడును కాచినను, చుట్టు చెట్లు కూలినచో పండ్లెక్కడివి? గ్రామము చేయగలదానిని గ్రామము చేసినది. గొడ్డలిని ఆపవలసిన భారము ప్రభుత్వముదని మేము తలంచుచున్నాము.