చిల్లర నుండి కార్డు వరకు

సిటీ బస్సులో చిల్లర లేనప్పుడు కండక్టరు టికెట్టు వెనుక బాకీ మొత్తమును వ్రాసి యిచ్చుట మనలో పెక్కుమందికి అనుభవమే. దిగునప్పుడు అడుగ మరచి, ఇల్లు చేరిన పిమ్మట జేబులోని ఆ చీటీని చూచి చింతించినవారిలో నేనును ఒకడను. రైళ్లను గూర్చి వ్రాయువారు ఇంజనులను, వంతెనలను వర్ణింతురు గాని చిల్లరను అంతగా పట్టించుకొనరు. కాని నేడు మెట్రో ద్వారము నొద్ద మనము చూపి సాగిపోవు కార్డు చరిత్రలో చిల్లరకు గొప్ప పాత్ర కలదు.

1996లో దక్షిణ కొరియా రాజధాని సియోల్ బస్సులలో ఇట్టి కార్డు ప్రవేశించినది. అయితే దానికి లోకప్రసిద్ధి కలిగించినది హాంకాంగ్. అచ్చట రైలు, బస్సు, నౌకా సంస్థలు ఐదు 1994లో ఏకమై ఒక ఉమ్మడి కంపెనీని స్థాపించినవి. పరస్పరము పోటీపడువారు ఒకే ఖజానాకు అంగీకరించుట సామాన్య విషయము కాదు. ఇంతలో 1997 జూలై 1న ఆ నగరము బ్రిటిషువారి నుండి చైనాకు సంక్రమించు తరుణ మాసన్నమైనది. రాణి బొమ్మ గల నాణెములకు ముందు ముందు విలువ పెరుగునని తలచి ప్రజలు వానిని దాచుకొన నారంభించిరి. బజారులో చిల్లర కరవైనది. ఆ యేడు సెప్టెంబరు 1న ఆక్టోపస్ కార్డు వెలువడినది. మూడు నెలలలో 30 లక్షల కార్డులు చెల్లిపోయినవి. రైల్వేలవారు పాత అయస్కాంతపు టికెట్లను మూడు నెలలలో మార్చుకొనవలెనని నిర్బంధించుటయు ఇందుకొక కారణమే. ప్రజాదరణలో ఆజ్ఞ పాలు కూడ ఉండును గదా!

ఈ కార్డులో బ్యాటరీ లేదు. అట్టలో ఒక చిన్న చిప్పు, దాని చుట్టును సన్నని తీగచుట్ట మాత్రమే కలవు. ద్వారమునందలి యంత్రము 13.56 మెగాహెర్ట్జుల తరంగములను వెలువరించుచుండును. కార్డు సమీపించగనే ఆ తీగలో విద్యుత్తు పుట్టి చిప్పు మేల్కొనును. సెకనులో మూడవ వంతు కాలములో లెక్క ముగియును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే దీనికి మూలము.

మన ఢిల్లీలో 2002 డిసెంబరులో షాహ్‌దరా నుండి తీస్ హజారీ వరకు మెట్రో ప్రారంభమైన నాడే స్పర్శ అక్కరలేని టోకెనులు, కార్డులు వాడుకకు వచ్చినవి. 2017లో హైదరాబాదు మెట్రోయు వచ్చినది. అయినను ఢిల్లీలో కొన్న కార్డు అచ్చట చెల్లలేదు. ఏ ఊరి కార్డు ఆ ఊరిదే. ఈ లోపమును తొలగించుటకై 2019 మార్చి 4న అహమ్మదాబాదులో ప్రధానమంత్రి దేశమంతటికి ఒకే కార్డు పథకమును ప్రారంభించిరి. అది బ్యాంకులు జారీచేయునది గనుక గుర్తింపు వివరములడుగు బ్యాంకు నియమములును దాని వెంట వచ్చినవి.

ఇచ్చటనే నా మనసు కొంత శంకించినది. కాగితపు టికెట్టునకు కొన్నవాని పేరు తెలియదు. కార్డో, ఎక్కిన చోటును, దిగిన చోటును, వేళతో సహా లెక్క కెక్కించును. దస్త్రముల నడుమ జీవితము గడపుచున్న నాబోటివానికి, ఒకసారి వ్రాసిపెట్టిన దానిని ఏనాటికైనను ఎవరో తీసి చదువుదురని తెలియును. హాంకాంగ్‌లో 2010లో జరిగినది చూడుడు. బహుమతుల పథకములో చేరిన సుమారు 20 లక్షలమంది వ్యక్తిగత వివరములను ఆక్టోపస్ వారు ఆరు సంస్థలకు ఇచ్చి 4 కోట్ల 40 లక్షల హాంకాంగ్ డాలర్లు గడించినట్లు బయటపడినది. ముఖ్యాధికారి పదవి వీడవలసి వచ్చినది. ఆ పథకములో చేరక, పేరు చెప్పకయే సాధారణ కార్డు కొన్నవారి విషయములో మాత్రము అమ్ముటకు పేరే లేకపోయినది.

మన రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరి 23న నియమములను సవరించి, ప్రజారవాణాకు మాత్రమే వినియోగపడు కార్డును గుర్తింపు పరిశీలన లేకయే జారీచేయుటకు అనుమతించినది. అందులో ఏ సమయమునను 3,000 రూపాయలకు మించి నిల్వ ఉండరాదు.