యాంటీబయాటిక్స్‌తో పేగుల్లోని రక్షణ కణజాలంపై ప్రభావం

చిన్నపేగు చివరి భాగం గోడలో మచ్చల్లా కనిపించే లసికా కణజాలాన్ని పేయర్స్ ప్యాచెస్ అంటారు. స్విట్జర్లాండ్ వైద్యుడు యోహాన్ కాన్రాడ్ పేయర్ 1677లో వీటిని వర్ణించారు. పేగులకు రక్షణనిచ్చే ఐజీఏ ప్రతిరక్షకాల తయారీకి ఇవే ప్రధాన స్థావరాలు. ఇవి ఎదగడానికి పేగుల్లోని బ్యాక్టీరియా అవసరం. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో ఈ కణజాలం చిన్నదిగా, అపరిపక్వంగా ఉండిపోతుంది.

యాంటీబయాటిక్స్ రోగకారక క్రిములతోపాటు ఈ మేలు చేసే బ్యాక్టీరియానూ చంపుతాయి. ఎలుకలకు వాంకోమైసిన్, నియోమైసిన్, మెట్రోనిడజోల్ కలిపి ఇచ్చినప్పుడు, పేగు గోడ స్రవించే రెగ్-3 గామా అనే క్రిమిసంహారక ప్రోటీన్ తగ్గిపోయిందని 2008లో వెలువడిన పరిశోధన తెలిపింది. దీంతో మందులకు లొంగని ఎంటరోకాకస్ సులభంగా తిష్ఠ వేసింది. బ్యాక్టీరియా పైపొరలోని ఎల్‌పీఎస్‌ను నోటి ద్వారా అందించగానే ఆ ప్రోటీన్ మళ్లీ పెరిగింది. అంటే లోపించింది పేగు గోడ సామర్థ్యం కాదు, బ్యాక్టీరియా నుంచి దానికి అందే సంకేతం.

వైరస్‌ల వల్ల వచ్చే జలుబుకు ఈ మందులు వాడితే ప్రయోజనం శూన్యం, నష్టం మాత్రం మిగులుతుంది. టైఫాయిడ్ విషయం వేరు. ఆ క్రిమి శరీరంలోకి చొరబడేది పేయర్స్ ప్యాచెస్ గుండానే. చికిత్స అందకపోతే మూడో వారానికి అక్కడే పుండ్లు పడి పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంది. అప్పుడు ఆ కణజాలాన్ని కాపాడేది వైద్యుడు సూచించిన యాంటీబయాటిక్కే.