గుడ్ల కోళ్లలో లోపలి జబ్బుల గుర్తింపు

మందలో నీరసించిన పక్షిని తోటికోళ్లు పొడుస్తాయి. అందుకే కోడి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది; బయటపడేసరికి తరచూ ఆలస్యమవుతుంది. మేత తగ్గడం, ఈకలు ఉబ్బించుకుని మూల నిలబడటం, జుట్టు, తమ్మెలు పాలిపోవడం, గుడ్లు ఆగిపోవడం తొలి గుర్తులు. ఇవి ఏ ఒక్క రోగాన్నీ తేల్చవు.

చేత్తో పట్టి చూడటమే మేలైన పరీక్ష. రొమ్ము ఎముక కత్తిలా తగిలితే కోడి కొన్నాళ్లుగా చిక్కిపోతోందని అర్థం. పొట్ట నీటితిత్తిలా ఉబ్బి, కోడి నిటారుగా నిలబడి తడబడుతూ నడిస్తే గుడ్డుసొన వల్ల వచ్చే పొట్టవాపును అనుమానించాలి. పచ్చసొన అండవాహికలోకి జారక పొట్టలో పడినప్పుడు, సాధారణంగా ఈ.కోలై సోకి, ఇది ముదురుతుంది. తోలుగుడ్లు దీనికి ముందు కనిపించవచ్చు. గుడ్డు అడ్డుపడిన కోడి మాత్రం పదేపదే ముక్కుతుంది.

కొవ్వు పట్టిన కాలేయం చిట్లితే, బాగా గుడ్లు పెడుతున్న బరువైన కోడి ఏ సూచనా లేకుండా చనిపోతుంది. పచ్చటి రెట్ట మేత మానేసిన కోడిలోనూ, కొక్కెర తెగులులోనూ ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి మందు వేయడం తప్పు. ఒకేసారి పలు కోళ్లు పడిపోతే పశువైద్యునికి తెలిపి, చనిపోయినదానికి శవపరీక్ష చేయించాలి.