ఏ దోమ? ఏ నీరు?

ఆరంబాక్కంలో రైలెక్కి ఉత్తరంగా బయలుదేరితే తరువాతి స్టేషను తడ. ఈ రెండింటి మధ్య రాష్ట్రం మారుతుంది, పంచాయతీ మారుతుంది, దోమల మందు కొట్టడానికి వచ్చే ఉద్యోగి కూడా మారతాడు. వరిమళ్లు మాత్రం అటూ ఇటూ ఒకటే. తూర్పున ఉన్న పులికాట్ సరస్సు రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో జొరబడే దోమకు తాను పుట్టిన గుంట ఏ రాష్ట్రంలో ఉందో తెలియదు.

దోమలు పెరిగితే మనమందరం అనే మాట ఒకటే: "మందు కొట్టించండి" అని. ఏ దోమ, అది ఏ నీటిలో పుడుతోంది అని అడిగేవారు తక్కువ. దోమల మీద జరిగిన పరిశోధన చరిత్రను చూస్తే, పెద్ద విజయాలు ఈ రెండు ప్రశ్నలు వేసుకున్నప్పుడు వచ్చాయి. వాటిని మరచినప్పుడు రోగం తిరిగి వచ్చింది. ఆ చరిత్రలో చాలా భాగం మనకు తెలిసిన ఊళ్లలోనే జరిగింది. ఈనాటి ప్రసంగంలో అది చెప్పుకుందాం.

ముందుగా సికింద్రాబాదు. మలేరియా అంటే ఇటాలియన్ భాషలో చెడుగాలి అని అర్థం. బురదనేలల నుంచి లేచే గాలివల్ల ఆ జ్వరం వస్తుందని శతాబ్దాలపాటు నమ్మారు. 1880లో అల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది ఒక మనిషి నుంచి మరొక మనిషికి ఎలా చేరుతోంది? దోమకు ఇందులో పాత్ర ఉండవచ్చునని లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఊహించాడు. ఆ ఊహను రుజువు చేసే పని రొనాల్డ్ రాస్ తలకెత్తుకున్నాడు.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు వైపు పనిచేశాడు. 1895లో సికింద్రాబాదు వచ్చాడు. రోగులను కుట్టిన దోమలను పట్టి, సూక్ష్మదర్శిని కింద కోసి చూడడం ఆయన నిత్యకృత్యమైంది. దాదాపు రెండేళ్లు చూసినా ఫలితం లేకపోయింది. ఆయన కోసినవి ఊరినిండా కనిపించే బూడిదరంగు దోమలు, చారల దోమలు. మలేరియా వాటిలో పెరగదు. 1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలున్న మరో రకం దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన ప్రతి దోమకూ ఒక అణా చొప్పున తీసుకుని, వాటిచేత కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న ఆ దోమల్లో ఒకదాని పొట్టగోడలో నల్లని రేణువులున్న కణాలు రాస్‌కు కనిపించాయి. అవి పెరుగుతున్న మలేరియా పరాన్నజీవులు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, ఆ పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులదాకా చేరుతుందని చూపాడు. మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ జాతి దోమ అని అదే 1898లో ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. రాస్ కృషిలో రెండేళ్లకూ, చివరి వారానికీ ఉన్న తేడా దోమ రకంలో ఉంది. పనిముట్లు అవే, పట్టుదల అదే.

ఈ జ్ఞానం చట్టంలోకి వచ్చిన సంవత్సరం 1939. ఆ ఏడు మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చింది. అందులో దోమల నివారణకు ప్రత్యేకమైన నిబంధనలున్నాయి. అప్పటికి ఆరంబాక్కమూ, సూళ్లూరుపేటా, చిత్తూరూ, తిరుత్తణీ అన్నీ మద్రాసు రాజధానిలోనివే. కాబట్టి ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్న ఈ ఊళ్లకు అప్పట్లో ఒకే చట్టం వర్తించింది.

అదే 1939లో డి.డి.టి. కీటకాలను చంపుతుందని స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ కనుగొన్నాడు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా ఏడున్నర కోట్లమందికి మలేరియా వస్తోందని, ఎనిమిది లక్షలమంది చనిపోతున్నారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అది ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన సంవత్సరం కూడా. మలేరియాను మోసే అనాఫిలిస్ రకాలు చాలావరకు రక్తం తాగిన తరువాత ఇంటిగోడ మీద వాలి సేదతీరుతాయి. అందుకే గోడలకు డి.డి.టి. కొట్టారు. దోమ అలవాటు తెలుసుకుని వేసిన దెబ్బ కనుక అది తగిలింది. 1965 నాటికి దేశం మొత్తంమీద కేసులు లక్షకు దిగివచ్చాయి.

ఆ తరువాత పట్టు సడలింది. డి.డి.టి. సరఫరా తగ్గింది, జ్వరాల ఆరా మందగించింది, దోమలు మందుకు అలవాటుపడ్డాయి. 1976లో కేసులు అరవై నాలుగు లక్షలు దాటాయి. పదకొండేళ్లలో అరవై రెట్లకు పైగా పెరిగాయన్నమాట. పల్లెగోడల మీద పనిచేసిన పద్ధతి పట్నానికి అతకలేదు కూడా. మద్రాసులో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సై బావుల్లో, మేడల మీది నీళ్లతొట్లలో పుడుతుంది. దానికి మందు గోడమీద కొట్టడంకన్నా తొట్టికి సరైన మూత పెట్టడం ముఖ్యం.

ఇక మన వరిమళ్ల దగ్గరికి వద్దాం. 1955లో వేలూరులో, పిల్లలకు తీవ్రమైన జ్వరం, మూర్ఛలు, స్పృహ తప్పడం వంటి లక్షణాలతో వచ్చిన వ్యాధిని జపనీస్ మెదడువాపుగా గుర్తించారు. మన దేశంలో ఈ రోగాన్ని గుర్తించడం అదే మొదలు. 1966 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనూ, పొరుగున ఉన్న ఆంధ్ర జిల్లాల్లోనూ కలిపి సుమారు 65 కేసులు బయటపడ్డాయి. రాష్ట్రాల హద్దు అప్పటికే గీసినా, రోగాన్ని వెతికినవారు ఆ హద్దు దగ్గర ఆగలేదు.

ఆ పరిసరాల్లో పట్టిన క్యూలెక్స్ దోమల నుంచి వైరస్‌ను వేరుచేశారు. ఇవి మురుగు కాలువల్లో పుట్టే దోమలు కావు. నీళ్లు నిలిచిన వరిమడిలో పుట్టేవి. వైరస్ కొంగల వంటి నీటిపక్షుల్లోనూ, పందుల్లోనూ వృద్ధి చెందుతుంది. అక్కడినుంచి దోమ దాన్ని మనిషికి తెస్తుంది. మనిషి నుంచి మళ్లీ దోమకు ఎక్కదు. అందుకే ఇది ఇంటినుంచి ఇంటికి పాకే రోగంలా కాక, పొలంగట్టున ఉన్న ఊళ్లలో అక్కడొకరికీ ఇక్కడొకరికీ వస్తుంది. వైరస్ సోకినవారిలో చాలామందికి ఏమీ కాదు. కానీ మెదడు వాచినవారిలో నాలుగింట ఒకవంతు దాకా చనిపోవచ్చు. బతికినవారిలో కూడా ఎందరికో చేయి పడిపోవడం, మాట పోవడం, మతి మందగించడం మిగులుతాయి. ఈ వైరస్‌ను చంపే మందు లేదు.

మరి రైతు వరి మానుకోవాలా? అక్కరలేదు. 1985లో మదురైలో ఏర్పడిన వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు వేపపిండి పూసిన యూరియా చల్లడం, మడిని అప్పుడప్పుడు ఆరబెట్టడం అనే రెండు పద్ధతులను కలిపి పరీక్షించారు. మడిలో దోమపిల్లలు తగ్గాయి. రైతుకు ఎలాగూ కావలసిన ఎరువుతోనే ఈ పని జరగడం ఇందులోని మేలు. 1981లో కర్ణాటకలోని కోలారు ప్రాంతంలో దొరికిన వైరస్‌తో హైదరాబాదు సంస్థ ఒకటి టీకా తయారుచేసింది. దానికి 2013లో అనుమతి వచ్చింది.

బోదకాలు చరిత్రలో మన తెలుగువాడి పేరుంది. భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు ఆధ్వర్యంలోని పరిశోధన బృందం 1947లో డైఇథైల్ కార్బమజీన్ అనే మందును వెలుగులోకి తెచ్చింది. బోదకాలు పురుగుల మీద ఈనాటికీ వాడే మందు అదే. బోదకాలును మోసే క్యూలెక్స్ దోమ మురుగునీటిలో పుడుతుంది. 1975లో పాండిచ్చేరిలో ఏర్పడిన కీటక నియంత్రణ పరిశోధన కేంద్రం 1981 నుంచి అయిదేళ్లపాటు ఆ పట్టణంలో కాలువలు పారేటట్టు చేయడం, గుంటలు పూడ్చడం, చేపలు వదలడం వంటి పనులతో ఆ దోమను తగ్గించి చూపింది.

చివరగా పగటి దోమ. కాళ్లమీద తెల్లచారలుండే ఏడిస్ దోమ డెంగ్యూను, చికున్‌గున్యాను మోస్తుంది. చికున్‌గున్యా 1964లో మద్రాసును, మరుసటి ఏడు విశాఖపట్నం, కాకినాడలను కుదిపి, 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తింది. ఈ దోమకు మురుగు అక్కరలేదు. మంచినీటి కుండ, పాత టైరు, కొబ్బరిచిప్ప చాలు. మురుగు కాలువలో ఎంత మందు పోసినా దీనికి తగలదు.

శ్రోతలారా! ఇప్పుడు మన ఊరికి వద్దాం. మురుగు పారేటట్టు చూడడం పంచాయతీ పని. మేడమీది తొట్టికి మూత, పెరట్లోని కుండలు వారానికి ఒకసారి ఆరబెట్టడం మన పని. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కనుక వారానికి ఒకసారి చాలు. వరిమడి సంగతి రైతులు కలిసి చూసుకోవాలి. గట్టుకు ఇటు ఆరబెట్టి అటు నీరు నిలిపితే ప్రయోజనం లేదు. ఆ గట్టే రాష్ట్రాల హద్దు అయినా సరే.

మరొక్క మాట. మనలో చాలామందికి కాపురం ఒక రాష్ట్రంలో, పని మరొక రాష్ట్రంలో. మలేరియా దోమ కుట్టాక జ్వరం రావడానికి సాధారణంగా పది పదిహేను రోజులు పడుతుంది. జ్వరంతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఉంటున్న ఊరి పేరుతో ఆగకండి. గడచిన మూడు వారాల్లో రాత్రిళ్లు ఎక్కడెక్కడ పడుకున్నారో కూడా చెప్పండి. ఆ దోమ పుట్టిన నీటిని వెతకడానికి ఆరోగ్య శాఖవారికి దారి చూపేది ఆ ఒక్క మాటే. ఆ మాట మీ తరువాత జ్వరం రావలసిన మరొకరిని కాపాడవచ్చు.