జిమ్మీ మెడలో కరెంటు పట్టీ

మా ఇల్లు విశాఖలో పెద జాలరిపేటకి కూతవేటు దూరం. మేడెక్కితే సముద్రం, ఒడ్డున లాగిపెట్టిన పడవలు కనిపిస్తాయి. గాలి ఇటు తిరిగిందంటే ఎండుచేపల వాసన వంటింట్లోకే వచ్చేస్తుంది. ఆ వాసన తగిలితే మా జిమ్మీ ఇక ఆగదు. కిందటి నెల గేటు తీసి ఉండగా ఒక్క ఉరుకు ఉరికి రోడ్డు మీద పడింది. ఆటో అబ్బాయి సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి బతికింది. మావాడు ఆ రాత్రే ఫోనులో వెతికి ఒక పట్టీ తెప్పించాడు. మెడ దగ్గర చిన్న పెట్టె, చర్మానికి తగిలేలా రెండు లోహపు మొనలు, చేతిలో రిమోటు. బటన్ నొక్కితే మెడకి షాకు.

మొదటిసారి నొక్కగానే జిమ్మీ కుయ్యిమని ఎగిరిపడింది. మూడోసారికి మంచం కింద దూరి కదలకుండా పడుకుంది. "చూశావా అమ్మా, ఎంత బుద్ధొచ్చిందో!" అన్నాడు వాడు. ఆ కళ్ళలో నాకు బుద్ధి కనబడలేదు. అప్పుడే చేపల మామ్మ గుమ్మంలో తట్ట దించింది. "ఏటమ్మా, కుక్క మెళ్ళో రేడియో కట్టినారేటి?" అంది. సంగతి చెప్పాను. "నొప్పెడితే దగ్గరకొత్తాదేటమ్మా? పారిపోద్ది గానీ" అనేసి చేపలు కొయ్యడంలో పడిపోయింది.

ఆ మాట నన్ను వదల్లేదు. మధ్యాహ్నాలు పని తెమిలాక ఈ పట్టీ పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ కూర్చున్నాను.

ఇది ఇళ్ళ కోసం పుట్టిన వస్తువు కాదు. 1960ల చివర అమెరికాలో వేటకుక్కల కోసం పుట్టింది. వేటగాడు ఒకదాన్ని తరమమంటే కుక్క జింక వెంటపడి కనుచూపు దాటిపోయేది. అంత దూరం కర్రా అందదు, కేకా అందదు. ఆ దూరానికి యజమాని చెయ్యి చాపుకోవడానికే రేడియో సాయం తీసుకున్నారు. తొలినాటి పట్టీల్లో షాకు గట్టిగానే ఉండేది. మోతాదు తగ్గించుకునే వీలు, ముందుగా మోగే హెచ్చరిక, వణుకు మాత్రమే పుట్టించే బటన్ తర్వాత వచ్చాయి.

విచిత్రమేమిటంటే, అదే దశాబ్దంలో అదే దేశంలో కుక్కల మీద ఇంకో కరెంటు ప్రయోగం జరిగింది. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెలిగ్‌మన్, మైయర్ అనే ఇద్దరు కొన్ని కుక్కలకి తప్పించుకోలేని షాకులు ఇచ్చారు. తర్వాత వాటిని వేరే పెట్టెలో ఉంచారు. అక్కడ చిన్న అడ్డు దూకితే చాలు, షాకు తప్పిపోతుంది. అయినా వాటిలో చాలావరకు దూకలేదు. మూలుగుతూ పడుకుండిపోయాయి. ఏం చేసినా లాభం లేదని అవి నేర్చేసుకున్నాయన్నమాట. అది చదివాక మంచం కిందున్న జిమ్మీ గుర్తొచ్చింది. నోరెత్తకుండా పడి ఉండటాన్ని బుద్ధిమంతురాలితనం అనడం మన ఇళ్ళలో కొత్త కాదు కదా. ఆ మెప్పు ఎంత బరువో మనలో చాలామందికి తెలుసు.

ఇక ఇదే కాలంలో హవాయి దీవుల్లో ఒక ఇల్లాలి కథ నడిచింది. కారెన్ ప్రయర్ అనే ఆవిడ 1963లో అక్కడి సీ లైఫ్ పార్కులో డాల్ఫిన్లకి శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. డాల్ఫిన్ మెడకి తాడు కట్టలేం, కొట్టలేం. కోపగించుకుంటే ఈదుకుంటూ కొలను అవతలికి పోతుంది. మరి ఎలా? అది సరైన పని చేసిన క్షణంలోనే ఈల, వెంటనే ఒక చేప. అంతే. ఈల వినబడితే తను చేసింది మంచి పనని దానికి తెలుస్తుంది. ఈ పద్ధతినే ఆవిడ తర్వాత కుక్కలకీ మనుషులకీ అన్వయించి 1984లో ఒక పుస్తకం రాసింది. చేపతో మచ్చిక చేసుకోవడం మా మామ్మకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఆవిడ గుడిసె ముందున్న గోధుమరంగు కుక్క ఒక్క కూతకి ఒడ్డు మీంచి పరిగెత్తుకొస్తుంది. దాని మెడలో పట్టీయే లేదు.

కరెంటుకీ కుక్కకీ మన దగ్గరా ఒక పాత లెక్క ఉంది. మద్రాసు కార్పొరేషన్ వీధికుక్కల్ని పట్టుకుని కరెంటు పెట్టి చంపేది. ఎన్నో ఏళ్ళ పోరాటం తర్వాత 1996లో అది ఆగి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేసి వదిలే పద్ధతి వచ్చింది. దేశమంతటికీ ఆ నియమాలు 2001లో వచ్చాయి. మన విశాఖలో విశాఖ ఎస్పీసీఏ వాళ్ళు ఇలాంటి పనే చేస్తూ వచ్చారు.

వీటన్నిటికీ ముందు ఒక స్త్రీ ఉంది. భరతనాట్యం అనగానే గుర్తొచ్చే రుక్మిణీదేవి అరుండేల్. రాజ్యసభ సభ్యురాలిగా 1953లో జంతుహింస నివారణకి సొంతంగా బిల్లు పెట్టింది. ప్రభుత్వమే చట్టం తెస్తానని నెహ్రూ మాటిచ్చాక దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ చట్టం 1960లో వచ్చింది. జంతువుకి అనవసరంగా నొప్పి కలిగించడం నేరమని చెప్పేది అదే. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలు కూడా ఆవిడే.

పట్టీని సమర్థించేవాళ్ళ మాటా వినాలి. రోడ్డు మీద లారీ కింద పడటం కన్నా చిన్న షాకు నయం కదా అంటారు వాళ్ళు. ఒక తల్లిగా ఆ మాట నాకు అర్థమవుతుంది. కానీ ఇంగ్లండులో లింకన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 63 కుక్కల్ని పరిశీలించి 2014లో ఫలితం ప్రచురించారు. షాకు లేకుండా, బహుమతులతో నేర్పిన శిక్షణ కన్నా పట్టీ వల్ల అదనంగా ఒరిగిందేమీ వాళ్ళకి కనబడలేదు. వేల్స్ దేశం 2010లోనే వీటి వాడకాన్ని నిషేధించింది. పైగా నొక్కేది మన చెయ్యి. క్షణం ఆలస్యమైతే కుక్క ఆ నొప్పిని తప్పుతో కాక, ఆ సమయంలో ఎదురుగా ఉన్న పసిపిల్లతోనో పక్కింటి తాతగారితోనో ముడిపెట్టుకోవచ్చు. అప్పుడు భయం కాస్తా కరవడానికి దారితీస్తుంది.

ఇవన్నీ మావాడికి ఉపన్యాసంలా చెప్పలేదు. ఆ రెండు మొనలూ తన అరచేతికి ఆనించుకుని నొక్కుకోమన్నాను. చాలాసేపు రిమోటు వైపు చూశాడు కానీ నొక్కలేదు. తనే వెళ్ళి జిమ్మీ మెడ నుంచి పట్టీ విప్పాడు.

ఇప్పుడు గేటుకి గడియతో పాటు గొలుసు కూడా వేస్తున్నాం. బయటికి తాడుతోనే తీసుకెళ్తున్నాం. రోజూ సాయంత్రం మేడ మీద మావాడు ఈల వేస్తాడు, జిమ్మీ వస్తే ముల్లు తీసి ఉడికించిన చేప ముక్క పెడతాడు. మొదటి వారం పది ఈలలకి మూడుసార్లు వచ్చేది, ఇప్పుడు ఏడెనిమిది సార్లు వస్తోంది. ఎండుచేపల గాలి వీస్తే మాత్రం ఇంకా చెవులు అటే తిప్పుతుంది. ముక్కల కోసం మామ్మ విడిగా డబ్బు తీసుకోదు. తట్ట అడుగున ఒక చిన్న చేప ఉంచి, "ఇది మీ కుక్కదమ్మా" అని పెట్టి వెళ్తుంది.