సారంగధర కథలో రాజు పాపం, సిద్ధుడి మహిమ

పాత కరీంనగర్ జిల్లా పల్లెలకు చిందు భాగోతం ఎంతో కాలంగా పరిచితమైన కళ. మాదిగలను ఆశ్రయించుకుని బతికిన చిందు కులంవారు ఆడామగా కలిసి వేషాలు కట్టి ఆడే యక్షగానం, అంటే పాట, మాట, ఆట కలగలిసిన వీధి ప్రదర్శన ఇది. జాంబపురాణంతో పాటు వీరు ఆడిన కథల్లో సారంగధర ఒకటి. తెలుగు రంగస్థలం మీద అధికారం, పశ్చాత్తాపం, అతిమానుష శక్తి ఒకే చోట తారసపడే కథల్లో దీనికి సాటి రాగలవి తక్కువ.

ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం, కొడుకు సారంగధరుడికి అనుకున్న చిత్రాంగిని రాజు తానే పెళ్లాడతాడు. ఎగిరిపోయిన పావురం కోసం తన మేడకు వచ్చిన రాకుమారుణ్ణి ఆమె మోహించి, అతడు తిరస్కరించగా, తనపై చెయ్యి వేశాడని నింద మోపుతుంది. రాజు విచారణ లేకుండానే కొడుకు కాళ్లూ చేతులూ నరికించమంటాడు. అపరాధం చిత్రాంగి మోహంతో మొదలైనట్టు కనిపించినా, దాని మూలం కొడుకు సొత్తును తన హక్కుగా లాక్కున్న రాజు అహంకారంలోనే ఉంది.

రాచకొండ ప్రభువుల కొలువుతో సంబంధమున్న వంశానికి చెందిన గౌరన, 15వ శతాబ్దిలో ద్విపదలో రచించిన నవనాథ చరిత్రలో ఈ కథను చెప్పాడు. అందులో ఇది విషాదగాథ కాదు, యోగి కావడానికి దారితీసిన కథ: అడవిలో పడివున్న సారంగధరుణ్ణి మత్స్యేంద్రనాథుడు కరుణించగా, అతడు అవయవాలు తిరిగి పొంది, నాథ సంప్రదాయంలోని సిద్ధుల్లో ఒకడైన చౌరంగి అవుతాడు. 17వ శతాబ్దిలో తంజావూరు రఘునాథ నాయకుని ఆస్థానకవి చేమకూర వెంకటకవి దీన్నే ప్రబంధంగా మలిచాడు. మంగళంతో ముగియవలసిన యక్షగానానికి కూడా సిద్ధుడి మహిమే అనువైన ముగింపు.

షేక్‌స్పియర్ మక్బెత్‌తో పోల్చితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ మంత్రగత్తెలు నేరానికి ముందే వచ్చి రాజ్యకాంక్షను రగిలిస్తారు, హత్య తర్వాత బాంకో ప్రేతం విందులో కనిపించి హంతకుణ్ణి వణికిస్తుంది. సారంగధరలో అతిమానుష శక్తి నేరం తర్వాత మాత్రమే, అదీ దయగా వస్తుంది. కొడుకు చేతులు తిరిగి మొలిచినప్పుడు రాజు పాపానికి కూడా పరిహారం దొరికినట్టే లెక్క, ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. నిజం చెప్పాలంటే, ఇది రాజుకు మరీ చవకగా దొరికిన విముక్తి.

బళ్లారిలో న్యాయవాదిగా ఉంటూ సరస వినోదినీ సభ నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఆ విముక్తినే తీసివేశాడు. ఆంధ్ర నాటక పితామహుడిగా పేరుపొందిన ఆయన రాసిన విషాద సారంగధర తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా గుర్తింపు పొందింది. రంగం మీద మరణం చూపకూడదని, కథ శుభంగా ముగియాలని చెప్పే సంస్కృత నాటక నియమాన్ని దాటడానికి అప్పట్లో దేశీయమైన ఆధారం కూడా సులువుగా దొరికేది కాదు, ఎందుకంటే దుర్యోధనుడి మరణంతో ముగిసే భాసుడి సంస్కృత నాటకం ఊరుభంగం పండితుడు టి. గణపతి శాస్త్రి చేతికి 1909 ప్రాంతంలో గాని చిక్కలేదు. సత్యం తెలిసినా కొడుకు తిరిగిరాని స్థితిలో రాజు నిలిచినప్పుడే, పశ్చాత్తాపం తెలుగు నాటకానికి ముగింపు కాగలిగింది. ఈ సాహసానికి దక్కవలసినంత గుర్తింపు ధర్మవరానికి ఇంకా దక్కలేదనే చెప్పాలి.

గౌరన కథలో లేని ఒక ఆపాదన మాత్రం తర్వాతి కాలంలో స్థిరపడింది: ఈ తండ్రి రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడేనని. అక్కడ సారంగధర మెట్ట అనే గుట్ట కూడా ఉంది, 1957 నాటి సినిమా ఆ నమ్మకాన్ని మరింత వ్యాప్తి చేసింది. అయితే 11వ శతాబ్దికి చెందిన ఆ రాజుకు చరిత్ర ఎరిగిన కుమారుడు 1070లో చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. నన్నయ చేత భారతం తెనిగింపజేసిన ప్రభువును కొడుకు అంగాలు నరికించినవాడిగా నిలబెట్టడం కథకుల ఘనతే గాని, చరిత్రకు దానితో పనిలేదు.